వడియంలా పొంగే ప్యాకింగు: మా పచ్చడి సీసాల అనుభవం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పచ్చళ్ల తయారీ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత పెరిగింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, వాయిదాలు ఎలా కట్టాం అని చెప్పుకుంటాం. ఆ లెక్కలు నివేదికలో ఎలాగూ ఉంటాయి. ఈసారి మమ్మల్ని ప్యాకింగు గురించి మాట్లాడమన్నారు. ప్యాకింగులో ఏముంది, అట్టపెట్టెలో పెట్టి టేపు వేయడమే కదా అని మీలో చాలామంది అనుకుంటుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. అలా అనుకున్నందుకు మాకు డబ్బు పోయింది. డబ్బుదేముంది, మళ్లీ వస్తుంది. ఒక చెల్లెల్ని పోగొట్టుకోబోయాం. అందుకే దాచకుండా అంతా చెబుతాం.

మా సంఘంలో పది మందిమి. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు పెడతాం. మొదట్లో కవర్లలో పోసి సీలు వేసి సంతలో, చుట్టుపక్కల ఊళ్లలో అమ్మేవాళ్లం. కవరు కింద పడినా ఏమీ కాదు. ఒక దసరాకి మాత్రం హైదరాబాదులో ఉంటున్న మా ఊరివాళ్లు, తెలిసినవాళ్లకి కానుకగా ఇవ్వాలి, గాజు సీసాల్లో పెట్టి పంపమన్నారు. అరవై సీసాలు. అంత పెద్ద ఆర్డరు మాకు అదే మొదలు. అంతర్గత అప్పు తీసుకుని సీసాలు కొన్నాం, లేబుళ్లు వేయించాం. పెట్టెకి ఆరు చొప్పున పది పెట్టెలు కట్టి కొరియరుకి ఇచ్చాం.

నాలుగు పెట్టెల్లో సీసాలు పగిలాయి. పగిలింది పెట్టెకి ఒకటో రెండో. కానీ ఆవకాయ సంగతి మీకు తెలుసు కదా. ఒక్క సీసా పగిలితే నూనె అంతా కారి మిగతా సీసాలకీ, లేబుళ్లకీ, అట్టకీ పట్టేస్తుంది. పైగా గాజుపెంకు పడిన పెట్టెలో బాగున్న సీసానైనా ఎవరు తింటారు? అరవైలో ఇరవై నాలుగు సీసాలు లెక్కలోంచి పోయాయి. కొరియరు ఆఫీసులో అడిగితే, గాజు మీ బాధ్యతే అని రాసుంది, సంతకం పెట్టారు కదా అన్నారు. పెట్టాం. చదవకుండా పెట్టాం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

అప్పుడు మేం చేసిన తప్పు చెబుతాం. ఆ పెట్టెలు కట్టింది మా అందరిలోకి చిన్నది, కొత్తగా చేరిన చెల్లెలు. సమావేశంలో అందరం ఆమె మీద పడ్డాం. సరిగ్గా కట్టలేదన్నాం. నష్టంలో సగం ఆమె పొదుపులోంచి తీయాలని తీర్మానం రాశాం, అందరం సంతకాలు చేశాం. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా తనూ సంతకం పెట్టి వెళ్లిపోయింది. తర్వాత రెండు సమావేశాలకి రాలేదు.

మూడో సమావేశంలో మా పెద్దమ్మ ఒకావిడ లేచింది. ఆవిడకి చదువు రాదు, వేలిముద్రే. “ఆ పిల్ల సరిగ్గా కట్టలేదంటున్నారు, మరి సరిగ్గా కట్టడమంటే ఏంటో మీలో ఒకరు కట్టి చూపించండి” అంది. మాకు నోట మాట రాలేదు. సరే చూద్దామని కూర్చున్నాం. పచ్చడి వృథా కాకుండా ఖాళీ సీసాల్లో ఇసక, నీళ్లు పోసి పచ్చడి సీసా బరువుకి సరిగ్గా తూచాం. మాలో పెట్టెలు బాగా కడతారని పేరున్న ఇద్దరు అక్కలు, అప్పుడు వాడిన సామానుతోనే చెరొక పెట్టె కట్టారు. నడుము ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీదకి వదిలాం. ఒకసారి అడుగు మీద, ఒకసారి పక్క మీద, ఒకసారి మూల మీద. మూల మీద వదిలేసరికి రెండు పెట్టెల్లోనూ సీసాలు పగిలాయి.

ఆ రోజు సాయంత్రమే ముగ్గురం ఆ చెల్లెలి ఇంటికి వెళ్లాం. వాళ్ల అత్తగారు మంచినీళ్లిచ్చారు గానీ మొహం చూసి మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఒకటే మాట అంది. “అక్కా, కాగితాలు చాలట్లేదు, ఇంకో కట్ట తెప్పించమని ఆ రోజే అడిగాను. అనవసరం ఖర్చు అన్నారు.” నిజమే. అడిగింది. అన్నాం. మర్చిపోయాం. మర్నాడు ప్రత్యేక సమావేశం పెట్టి పాత తీర్మానం రద్దు చేస్తూ కొత్త తీర్మానం రాశాం. కోసిన డబ్బు ఆమె ఖాతాకి తిరిగి జమ చేశాం. నష్టం పది మందిమీ సమానంగా పంచుకున్నాం. తీర్మానాల పుస్తకంలో ఆ రెండు పేజీలూ పక్కపక్కనే ఉన్నాయి. కొత్తగా సంఘంలో ఎవరు చేరినా ఆ రెండు పేజీలు చూపిస్తాం.

ఇక ప్యాకింగు సంగతికి వస్తాం. ఆ పరీక్షల్లో మాకు తెలిసిన మొదటి సంగతి, సీసా పడడం వల్ల పగలదు, ఠక్కున ఆగడం వల్ల పగులుతుంది. గడ్డివాము మీదకి దూకిన పిల్లాడు నవ్వుతూ లేస్తాడు. అంతే ఎత్తు నుంచి గచ్చు మీదకి దూకితే కాలు విరుగుతుంది. గడ్డి వాడిని మెల్లగా ఆపుతుంది, గచ్చు ఒక్కసారిగా ఆపుతుంది. సీసాకి కూడా మెల్లగా ఆగడానికి చుట్టూ కాస్త చోటు కావాలి. రెండో సంగతి, గాజుకి గాజు తగలకూడదు. పెట్టె ఎంత మంచిదైనా లోపల రెండు సీసాలు తగులుకుంటుంటే పగులుతాయి. మూడోది, పెట్టె ఊపితే లోపల ఏదీ కదలకూడదు.

ఈ మూడూ మన పెద్దలకి తెలియనివి కావు. కుమ్మరివాళ్లు బండి మీద కుండలు తీసుకెళ్లేటప్పుడు కుండకీ కుండకీ మధ్య గడ్డి కుక్కేవాళ్లు. మామిడిపళ్లు గంపలో గడ్డి మధ్య పెడతాం. మేమూ మొదట వరిగడ్డి పెట్టి చూశాం. దెబ్బ బాగానే ఆపుతుంది. కానీ తినే వస్తువు పక్కన దుమ్ము, పురుగు, వానాకాలం చెమ్మ వాసన. అది మానేశాం. పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కాం. రెండు రోజుల ప్రయాణంలో సీసాల బరువుకి ఉండలన్నీ అణిగిపోయి పైన ఖాళీ వచ్చేస్తుంది. మొదటిసారి జరిగింది కూడా అదే. పేపరు సిరా లేబుళ్లకి అంటడం ఇంకొకటి.

తర్వాత బుడగల ప్లాస్టిక్, అదే బబుల్ రేపర్, తెప్పించాం. శిక్షణలో దాని కథ చెప్పారు. 1957లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆల్‌ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారట, గోడలకి అతికించే అలంకారంగా. గోడలకి ఎవరూ కొనలేదు, తర్వాత సామాను చుట్టడానికి పనికొచ్చింది. చేసినవాళ్లకే మొదట్లో దాని ఉపయోగం తెలియలేదన్నమాట. మా దగ్గర కూడా అది బాగానే పనిచేసింది, సీసాలు పగల్లేదు. ఇబ్బంది వేరే చోట వచ్చింది. ఒక పెద్ద చుట్ట తెప్పిస్తే మేం పచ్చళ్లు పెట్టుకునే గది సగం అదే ఆక్రమించింది. జాడీలు వరండాలోకి వెళ్లాయి. ఊరికి తెచ్చిన ఆటోలో ఇంకేమీ పట్టలేదు, ఆటో కిరాయి మొత్తం దానికే అయింది. మరి చుట్టలో ఉన్నదేంటి? ప్లాస్టిక్ కొంచెం, మిగతాదంతా గాలి. అంటే పట్నం నుంచి మా ఊరికి కిరాయి పెట్టి గాలి తెచ్చుకున్నాం. మా ఊళ్లో గాలి లేదా?

ఆ మాటే మా పెద్దమ్మ ఇంకోలా అంది. “వడియాలు ఎండబెట్టి డబ్బాలో పెట్టుకుంటాం, కావలసినప్పుడు నూనెలో వేస్తే పొంగుతాయి. వేయించిన వడియాలు బస్తాల్లో ఎవరైనా మోసుకొస్తారా?” అంది. అలాంటి ప్యాకింగు లేదా అని అప్పటినుంచి వెతకడం మొదలుపెట్టాం.

అది ఎక్కడో దొరకలేదు, మా ఇంటికే వచ్చింది. మా సభ్యురాలి కొడుకు బెంగళూరు నుంచి అమ్మకి పింగాణీ కప్పులు పంపాడు. వాటికి గోధుమరంగు కాగితం చుట్టి ఉంది, తేనెపట్టులా గళ్లు గళ్లుగా. ఆ అక్క దాన్ని విప్పి చాపితే మామూలు కాగితంలా పల్చగా అయిపోయింది. మళ్లీ లాగితే గళ్లు లేచాయి. సమావేశానికి పట్టుకొచ్చింది. మా పెద్దమ్మ దాన్ని చూసి, పెళ్లిళ్లకి రంగుకాగితాలు అటోకత్తెరా ఇటోకత్తెరా వేసి వలలు చేసేవాళ్లం కదా, ఇదీ అంతే అంది. పేపరు ముక్క తీసుకుని మడతపెట్టి, ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి గాట్లు పెట్టి విప్పి లాగింది. వలలా సాగింది. రహస్యం అంతా గాటులోనే ఉందని అప్పుడు మాకు అర్థమైంది.

ఇదిగోండి, మా చేతిలో ఉన్నది ఆ కాగితమే. ముందు వరసలో అక్కలకి ఒక్కో ముక్క ఇస్తున్నాం, లాగి చూసి వెనక్కి పంపండి. దగ్గరగా చూస్తే కాగితం నిండా చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. ఒక వరస గాట్లకి పై వరస గాట్లు ఎదురుగా ఉండవు, మధ్యలోకి ఉంటాయి. గోడ కట్టేటప్పుడు ఇటుకలు పేరుస్తామే, అలాగ. లాగితే ప్రతి గాటూ నోరు తెరిచి ఆరు మూలల గడి అవుతుంది. గాట్ల మధ్య ఉన్న కాగితం పట్టీలు పడుకుని ఉండవు, ఏటవాలుగా లేచి నిలబడతాయి. పల్చని కాగితానికి మందం అక్కడినుంచి వస్తుంది. లాగితే పొడవు పెరుగుతుంది, వెడల్పు కొంచెం తగ్గుతుంది. సీసాకి చుట్టినప్పుడు ఒక పొర గళ్ల అంచులు ఇంకో పొర గళ్లలో చిక్కుకుంటాయి, ముళ్లకంప చీరకి పట్టుకున్నట్టు. అందుకని చాలాసార్లు టేపు కూడా అక్కర్లేదు. దెబ్బ తగిలినప్పుడు నిలబడిన ఆ పట్టీలు నలిగిపోతూ సీసాని మెల్లగా ఆపుతాయి.

లాగకముందు ఇది చిన్న చుట్ట. మా బీరువా కింద పెట్టుకున్నాం. జాడీలు మళ్లీ గదిలోకి వచ్చాయి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గాలి దిండ్లు అని ప్లాస్టిక్ సంచుల చుట్ట పల్చగా వస్తుంది, మన దగ్గర చిన్న యంత్రం పెట్టి గాలి నింపి సీలు వేయాలి. పెట్టెలో ఖాళీ నింపడానికి మంచిదే. కానీ యంత్రం కొనాలి, కరెంటు ఉండాలి, మొన తగిలితే గాలి పోతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో అయితే రెండు ద్రవాలు కలిపి పోస్తే నురగలా పొంగి గట్టిపడే పద్ధతి ఉంది. అది మనలాంటి వాళ్లకి, అందులోనూ తినే వస్తువులు చేసేవాళ్లకి పనికిరాదు. మనం రోజూ చూసే అట్టపెట్టె కూడా ఈ జాతిదే. చదునుగా మడిచి కట్టగా వస్తుంది, మన దగ్గర పెట్టె అవుతుంది. దాని లోపలి అలల కాగితానికి 1871లోనే న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు అది పెట్టెకి కాదు, సీసాలకీ లాంతరు చిమ్నీలకీ చుట్టడానికి. మన కష్టమే ఆయనదీ.

ఇప్పుడు కిరాయి లెక్క. ఇది రాసుకోండి, కుట్టుపని సంఘాలకీ, బొమ్మల సంఘాలకీ అందరికీ పనికొస్తుంది. కొరియరువాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ హెచ్చవేసి, వచ్చినదాన్ని 5000తో భాగిస్తే వచ్చేది చోటు బరువు. అసలు బరువు, చోటు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. 5000 అనేది ఎక్కువమంది వాడే అంకె, కొందరు వేరే అంకె వాడతారు, ముందే అడగండి.

మా ఆరు సీసాల పెట్టె అసలు బరువు ఐదు కిలోల లోపే. పగులుతాయన్న భయంతో మేం 40, 30, 30 సెంటీమీటర్ల పెద్ద పెట్టె తీసుకుని, నిండా బుడగల ప్లాస్టిక్ కుక్కేవాళ్లం. హెచ్చవేస్తే 36,000. 5000తో భాగిస్తే 7.2 కిలోలు. ఐదు కిలోల సరుక్కి ఏడు కిలోల పైన కట్టేవాళ్లం. ఇప్పుడు ప్రతి సీసాకి ఈ కాగితం చుట్టి 36, 26, 20 పెట్టెలో సర్దుతున్నాం. హెచ్చవేస్తే 18,720, భాగిస్తే 3.74. చోటు బరువు అసలు బరువు కంటే తగ్గింది కాబట్టి, ఐదు కిలోలకే కడుతున్నాం. కాగితం ధర చూసి మొదట మాలో కొందరు అమ్మో అన్నారు. కాగితం, ఆటో కిరాయి, కొరియరు, పగిలే సీసాలు, నాలుగూ కలిపి పెట్టెకి ఎంత పడుతుందో లెక్క రాశాక ఎవరూ మాట్లాడలేదు. ఒక్క వస్తువు ధర చూడొద్దు అక్కా, పెట్టె చేరేదాకా అయ్యే మొత్తం చూడండి.

అయితే ఇదేదో మంత్రం కాదు. మేం పడిన ఇబ్బందులు కూడా చెప్పాలి.

సరిగ్గా లాగకపోతే ఇది ఉట్టి కాగితమే. మొదటి రోజు మాలో సగం మంది పొదుపు చేద్దామని తక్కువ లాగి చుట్టారు, గళ్లు లేవలేదు. గట్టిగా లాగితే చిరుగుతుంది. గళ్లు పూర్తిగా నోరు తెరిచి నిలబడేదాకా లాగి, వదలకుండా చుట్టాలి. ఈ లాగడంలో చెయ్యి తిరగాలి.

ఒక పొర చాలదు. మా సీసాకి చుట్టూ మూడు పొరలు, అడుగుకి, మూతకి విడిగా మడత పెడతాం. చుట్టాక పైనుంచి గట్టిగా నొక్కొద్దు. ఒకసారి నలిగి అణిగిన గడి మళ్లీ పూర్తిగా లేవదు. బుడగల ప్లాస్టిక్‌కీ దీనికీ తేడా అదే.

నూనె, నీళ్లు దీనికి పడవు. తడిస్తే మెత్తబడిపోతుంది. అందుకని ముందు మూత బిగించి, మూత చుట్టూ టేపు వేసి, సీసాని పల్చటి కవరులో పెట్టి, ఆ తర్వాతే కాగితం చుడతాం. పూర్తిగా ప్లాస్టిక్ మానేశామని అందుకే చెప్పడం లేదు. 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో బుడగల ప్లాస్టిక్ లేదు, వాడినా తప్పు కాదు. కానీ ఈ కాగితం పాత పేపర్లతో పాటు అమ్మేయొచ్చు, ఎరువు గుంటలో వేసినా మట్టిలో కలుస్తుంది. కొనేవాళ్లకీ అది నచ్చింది.

చుట్టని నేల మీద పెట్టొద్దు. చెదలు, ఎలుకలు, వానాకాలం చెమ్మ, మూడూ దీనికి శత్రువులే. ప్లాస్టిక్ సంచిలో పెట్టి బల్ల మీద ఉంచండి.

పెట్టె కూడా చూసి కొనండి. బట్టలకి మూడు పొరల అట్ట చాలు, సీసాలకి ఐదు పొరలది కావాలి. అట్టలోపల అలలు నిలువుగా ఉండేలా పెట్టె నిలబెట్టాలి, స్తంభాల్లా అవే బరువు మోస్తాయి. అడ్డంగా పడుకోబెడితే పైన ఇంకో పెట్టె పెట్టగానే కుంగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, కొత్త సీసా, కొత్త పెట్టె, కొత్త కాగితం, ఏది మారినా ముందు ఇసక నింపిన సీసాలతో మీ గచ్చు మీదే వేసి చూసుకోండి. అడుగు, పక్కలు, అంచులు, మూలలు. మీ ఇంట్లో పగిలితే ఒక సీసా ఖర్చు. పట్నంలో పగిలితే పెట్టె పోతుంది, ఆర్డరు పోతుంది, మాట పోతుంది.

ఇప్పుడు మా సీసాలు పగలడం లేదా అంటే, ఈ పద్ధతికి మారాక ఒక్కసారి ఒక పెట్టెలో ఒక సీసా పగిలింది. ఆ పెట్టె తడిసి వచ్చిందని ఫొటో పంపారు. అప్పటినుంచి వానాకాలంలో పెట్టె మీద కూడా కవరు వేస్తున్నాం. మొదటి ఆర్డరు ఇచ్చినవాళ్లు మాత్రం మళ్లీ అడగలేదు. పోయిన నమ్మకం అంత తొందరగా తిరిగి రాదు. వాళ్లకి ఈ ఏడు కొత్త ఆవకాయ రెండు సీసాలు డబ్బు తీసుకోకుండా పంపాం. బాగానే చేరాయని మెసేజీ పెట్టారు. అంతవరకే.

చివరిగా ఒక్క మాట. ఆ చెల్లెలు ఇప్పుడు ఈ హాల్లోనే మూడో వరసలో కూర్చుంది. పేరు చెప్పొద్దంది, చెప్పం. మా సంఘంలో ప్యాకింగు పని అంతా ఆమె చేతి మీదుగానే నడుస్తుంది. ఏ సామాను ఎంత తెప్పించాలో ఆమె చెబితే మేం సంతకం పెడుతున్నాం. భోజనాల తర్వాత వరండాలో బల్ల మీద ఖాళీ సీసాలు, చుట్ట పెట్టి ఉంచాం. నేర్చుకోవాలనుకున్నవాళ్లకి ఆమె చుట్టి చూపిస్తుంది.

ప్రతి సంఘంలోనూ నష్టాలు వస్తాయి. నష్టం వచ్చినప్పుడు మొదట ఎవరు చేశారని అడగకండి. ఎలా జరిగిందని అడగండి. మా సంఘం ఆ ప్రశ్న మూడో సమావేశంలో అడిగింది. మొదటి సమావేశంలోనే అడగాల్సింది. పని చేసే మనిషి ఇది చాలదు అక్కా అన్నప్పుడు వినండి. సీసాకే కాదు, సంఘంలో మనిషికి కూడా చుట్టూ కాస్త చోటు ఉండాలి, దెబ్బ తగిలినప్పుడు మెల్లగా ఆగడానికి.